లైన్‌లో ఉండండి

నా చిన్నతనంలో, రాజమండ్రిలోని మా ఇంట్లో, అమ్మా మామ్మా ఒక వేసవంతా మాట్లాడుకోలేదు. ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది. ఉప్పు తగ్గించింది కోడలేనని మామ్మ చుట్టాల ముందు అనేసింది. ఇక కబుర్లు మోసే పని నాకు పడింది. మామ్మని భోజనానికి రమ్మను అని అమ్మా, ఆకలి లేదని చెప్పు అని మామ్మా. వంటింటికీ వీధి అరుగుకీ మధ్య తిరగలేక నా కాళ్ళు పీకేవి.

ఆ వేసవిలోనే మా మేనత్త రిటైరై మా ఇంటికి వచ్చేసింది. చిన్న వయసులోనే భర్త పోతే, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు ఉద్యోగమే ఆమెను నిలబెట్టింది. పై ఊళ్ళకి ట్రంకు కాల్స్ కలిపి కలిపి ఊరందరికీ ఆమె గొంతు తెలుసు, మొహం తెలియదు. ఇన్నాళ్ళూ కష్టపడ్డావు, ఇంక కూర్చోమని నాన్న ఓ మూల కుర్చీ వేశాడు. పాపం, ఆ కూర్చోవడమే ఆమెను తినేసింది. డ్యూటీ వేళకి జుట్టు ముడి వేసుకుని, చీర మార్చుకుని, వెళ్ళే చోటు లేక మళ్ళీ ఆ మూలకే వచ్చేది. రానురాను అన్నం కూడా సరిగ్గా తినేది కాదు. ఆమెను చూస్తే నాకు దిగులేసేది.

ఒక మధ్యాహ్నం తిరిగి తిరిగి నేను ఏడుపు మొహం పెట్టాను. అత్తయ్య చూసి లేచింది. కుర్చీ ఈడ్చుకొచ్చి నడవ మధ్యలో వేసుకుంది. వంటింటి వైపు తిరిగి, ఎక్స్ఛేంజ్ గొంతుతో, "లైన్‌లో ఉండండి," అంది. తర్వాత అరుగు మీదున్న తన కన్నతల్లి వైపు తిరిగి, "మీకు వంటింటి నుంచి కాల్ అండి," అంది. మామ్మకి నవ్వు ఆగలేదు. లోపల గరిటె చప్పుడు ఆగింది. కాసేపటికి మామ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నేను గుమ్మం పక్కన చెవి పెట్టబోతే, అత్తయ్య నా జడ పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది.

"కలపడం వరకే మన పని. కలిపాక వినకూడదు."

వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మాత్రం కాస్త మజ్జిగ పొయ్యమని మామ్మ అమ్మనే అడిగింది. అత్తయ్య మారు వడ్డించుకుని తింది. ఆ కుర్చీ మళ్ళీ మూలకి పోలేదు. వీధిలో ఎవరికి మాటపట్టింపు వచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవారు.

నేను నర్సుగా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. మా అమ్మాయి బాల్కనీలో మెత్తటి కుర్చీ వేసి, ఇంక కూర్చోమంది. కొన్నాళ్ళు కూర్చున్నాను. నాకూ అన్నం సయించలేదు. మొన్న ఆ కుర్చీని నేనే ఈడ్చుకెళ్ళి, కింద లిఫ్టు పక్కన వేసుకుని, బీపీ మిషన్ ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క ఫ్లాటు పెద్దావిడ అటు వెళ్తూ ఆగి, అడక్కుండానే చెయ్యి చాపింది.

ఆ పూట నేనూ మారు వడ్డించుకున్నాను.