ఒకే తల్లి, రెండు మెసేజ్‌లు

2023 వానాకాలం. మహబూబాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా కంపెనీ సాఫ్ట్‌వేర్ చూసుకునే పని నాది. ఆసుపత్రుల కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకునే ఏర్పాటును వెబ్ సర్వీస్ అంటారు. మాటలన్నీ ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ప్రతి వివరానికీ అటూ ఇటూ దాని పేరు తగిలించి, వెళ్తాయి. ఏ మెసేజ్‌లో ఏమేం ఉండాలో ముందే కోడ్‌లో ఒక క్లాస్ రాసి చెప్పాలి. అందులో చెప్పనిది కంప్యూటర్‌కు లేనట్టే.

ఆ మధ్యాహ్నం కొత్తగూడ నుంచి వచ్చిన ఒకామెకు కవల ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరికీ ఊపిరి సరిగా ఆడడం లేదు. జనగామలోని పెద్ద ఆసుపత్రికి పంపాలి. నర్సు సుజాతక్క బెడ్లు అడుగుతూ ఇద్దరికీ చెరొక మెసేజ్ పంపింది. మొదటి పాపకు బెడ్ వచ్చింది. రెండో పాపకు 'డూప్లికేట్', అంటే ఇది ఇంతకుముందే వచ్చిందని జవాబు. జనగామకు ఫోన్ చేస్తే, "మాకు ఒక్క పాపనే కనబడుతుందక్కా. ఇంకొక్క బెడ్డే ఉన్నది, భూపాలపల్లోళ్లు అడిగితే ఇచ్చేస్తం" అన్నారు.

క్లాస్ తెరిచి చూశాను. తల్లి పేరు, పుట్టిన తేదీ, బిడ్డ పేరు. ఈ మూడూ ఒకటైతే మనిషీ ఒకటే! పేరు పెట్టని ఇద్దరి దగ్గరా 'బేబీ' అనే ఉంది. అది రాసిన మహానుభావుడెవరో గానీ కవలలను కలలో కూడా చూసినట్టు లేడు. ఒళ్లు మండిపోయింది. ఉత్తుత్తి పేరు కొడదామంటే అదే రేపు అన్ని కాగితాల్లోకీ ఎక్కుతుంది.

పిల్లల అమ్మమ్మను అడిగాను. "అవ్వా, ఒక్కదానికన్న పేరు చెప్పు, జల్ది."

"ఇరవై ఒక్క దినాలు గాకముందే పేరేంది బిడ్డా? మా ఇండ్లల్ల పెట్టం."

"కంప్యూటర్‌కు కావాలె అవ్వా!"

"దాన్ని సుత పేరు పెట్టేనాడు పిలుస్తం తియ్యి. గప్పటిదాక ఆగుమను."

సుజాతక్కకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. "మరి ఇద్దరిని ఎట్ల గుర్తువడ్తవ్?"

"ముందుగాల పుట్టింది పెద్దది, ఎనుక పుట్టింది చిన్నది. గింతే గద!"

నిజమే, అంతే. క్లాస్‌లో 'పుట్టిన వరుస' అని ఒక వివరం చేర్చాను. తప్పనిసరి కాదని కూడా రాశాను, లేకపోతే పాత పద్ధతిలో మెసేజ్‌లు పంపే ఆసుపత్రులన్నీ ఆగిపోతాయి. జనగామలోనూ మా సాఫ్ట్‌వేరే కాబట్టి అక్కడా మార్చి, రెండో మెసేజ్ పంపించాం. బెడ్ వచ్చింది. హమ్మయ్య! పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. అంబులెన్స్ ఇద్దరినీ తీసుకుని కదిలింది.

అప్పటి నుంచి ఏ మెసేజ్ రాయాలన్నా ముందు ఆ ఇళ్లలో పుట్టుక, పేరు, వరుస ఎలా ఉంటాయో అడిగి తెలుసుకుంటున్నాను. కోడ్ ఆ తర్వాతే.

ఇరవై ఒకటో రోజున అవ్వ ఫోన్ చేసింది. వెనక ఇద్దరు పిల్లలు పోటీపడి ఏడుస్తున్నారు.

"పేర్లు పెట్టినం బిడ్డా. ఇగ చెప్పు నీ కంప్యూటర్‌కు, ఇద్దరున్నరని."