ఆకులు తిన్న తాతల ఆస్తి

1968 కార్తీకమాసం. అప్పుడు నేను విజయనగరంలో ఒక ఆస్పత్రి సర్జికల్ వార్డులో మేల్ నర్సుని. చదువు ఎస్సెల్సీతో ఆగిపోయినా, డ్యూటీ దిగగానే గ్రంథాలయానికి పరిగెత్తేవాణ్ని. జీవపరిణామం మీద అక్కడున్న రెండు పుస్తకాలనూ మూడేసి సార్లు చదివాను. వినేవాడు దొరికితే వదిలేవాణ్ని కాదు.

ఒక ఉదయం చీపురుపల్లి వైపు నుంచి సింహాచలం అనే రైతును తీసుకొచ్చారు. అపెండిక్స్, అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న తోక, వాచింది. పగిలితే ప్రాణానికే ముప్పు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలని చెప్పి డాక్టరుగారు థియేటర్‌కి వెళ్లారు. కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించడం నా పని. అతను చెయ్యి దుప్పట్లో దాచేసుకున్నాడు.

"దేవుడెట్టిన పేగు. కోసెస్తే బతుకుతానేటి?"

నాకు అవకాశం దొరికింది. "లక్షల ఏళ్ల కిందట ఆకులు తిని బతికిన తాతలు మనకుండేవారు. ఇది వాళ్లకి పనికొచ్చింది. మనకి ఊరికే మిగిలిపోయింది."

"ఆ తాతలేరి?"

"పోయారు. పాతవాళ్లు పోతూ, కొత్తవాళ్లు కొద్దికొద్దిగా మారుతూ వస్తేనే మనదాకా వచ్చింది."

అతని మొహం పాలిపోయింది. "అయితే పోతానని సెప్తన్నావు, బాబూ!"

ధైర్యం చెప్పబోయి భయపెట్టాను. మంచం పక్కనున్న అతని భార్య పైడమ్మ అందుకుంది.

"నీకు తెలీందేటి మావా? ఏటేటా మంచి వరి ఎన్నులేరి ఇత్తనం కడతావు. మిగతా పైరు కోసెయ్యవేటి? మీ తాతనాటి గింజ, ఇప్పటి గింజ ఒక్కలాగున్నాయేటి?"

"అదేనే నా బెంగ. కోతలొచ్చేస్తన్నాయి. నేను పోతే ఇత్తనం ఎవులేరతారు?"

"ఓలమ్మో! నువ్వేరిన కట్టల్లో సగం తీసేసి నేనేరినవి పెడతన్నాను, పదేళ్లయి!"

"ఒసే! ఆ బారు ఎన్నులు నీవా? ఊరంతా నన్ను మెచ్చుకున్నారే!" నవ్వబోయి, కడుపు పట్టుకుని మూలిగాడు. అలా మూలుగుతూనే చెయ్యి బయటపెట్టాడు. "ముద్దరేయించు బాబూ. నేను లేపోయినా ఇత్తనం ఆగదు."

ఆపరేషనైన మర్నాడు మెలకువగా ఉన్నప్పుడు, తీసిన ముక్క చూపించమన్నాడు. ఆ ముక్క ఉన్న సీసా వెలుగుకెత్తి చూసి, "ఇంతేనా ఆ తాతలిచ్చిన ఆస్తి?" అని పెదవి విరిచాడు. పైడమ్మ నవ్వాపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాతది పోతేనే కొత్తది వస్తుందని నేను పుస్తకంలో చదివాను. వాళ్లు దాన్ని ఏటేటా కొడవలి పట్టుకుని చేస్తున్నారు. లక్షల ఏళ్ల సంగతి చెప్పడం ఆ తరవాత కూడా నేను మానలేదు. కాకపోతే ఒప్పుకోలు కాగితం ముందుపెట్టే ప్రతిసారీ, మొదట ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను: "ఇంటి దగ్గర ఏం పని మిగిలింది? అది ఇంకెవరికి తెలుసు?"