ఒకే పేరున రెండు ఎక్స్‌రేలు

మొన్న ఒకమ్మాయి ఎక్స్‌రేకి వచ్చింది. టెక్నీషియన్ కోర్సుకి అప్లికేషన్ పెడుతోందట, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఛాతీ ఫొటో కావాలట. పేరడిగాను, వయసడిగాను, తండ్రి పేరడిగాను. ప్లేటు ముందు నిలబెట్టాక మళ్ళీ అన్నీ అడిగాను. ఇందాకే చెప్పాను కదండీ అని నవ్వింది. మా డిపార్ట్‌మెంటులో కుర్రాళ్ళకి నా జబ్బు తెలుసు. ఇప్పుడంతా కంప్యూటరే, ఫొటో మీద పేరు దానంతటదే పడుతుంది, అయినా పెద్దాయనకి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఈ చాదస్తం తొంభైల్లో పుట్టింది, ఫిషింగ్ హార్బర్ వెనకాల మా ఇంట్లో.

మాది వేటకెళ్ళే ఇల్లు. నాన్న బోటు డ్రైవరు, వెళ్తే పది పదిహేను రోజులకి గానీ గట్టుకి రాడు. తాత ఒంట్లో సత్తువ తగ్గాక వేట మానేసి, హార్బర్లో వలలు బాగుచేసేవాడు. నన్ను బోటెక్కనివ్వకూడదని పంతం పట్టింది ఆయనే. ఓసారి చేపల వేలం దగ్గర అమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఎక్స్‌రే తీసేవాణ్ణి చూసి మనసు పారేసుకున్నాడు. ఇంటికొచ్చాక మూడు రోజులు అదే వర్ణన. తెల్లకోటట, నెత్తిమీద ఫ్యానట, గోడ చాటుకి పోయి మీట నొక్కుతాడట, డాక్టరంతటివాడు కూడా అతనిచ్చే ఫొటో కోసం కాసుక్కూర్చుంటాడట. నేను ఇంటర్ బైపీసీ ఎలాగోలా గట్టెక్కగానే, ఎవరెవరినో అడిగి ఆ కోర్సు అప్లికేషను తనే పట్టుకొచ్చాడు. "సముద్రం మీద గాలెప్పుడు మారుద్దో ఎవుడికి తెలుసురా. ఆ గదిలో గాలి మన సేతిలో ఉంటాది" అన్నాడు.

అప్లికేషనుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచెయ్యాలన్నారు, దానికి ఛాతీ ఎక్స్‌రే. ఊళ్ళో ఓ చిన్న ఎక్స్‌రే సెంటరుకి వెళ్ళాం. బల్ల మీద కూర్చున్నంతసేపూ తాత దగ్గుతూనే ఉన్నాడు. అక్కడి డాక్టరు విని, నీది కూడా తీయించుకో పెద్దాయనా అన్నాడు. నేను భయపడతానేమోనని తాతే ముందు చొక్కా విప్పి లోపలికెళ్ళాడు. మా ఇళ్ళల్లో పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. ఇంటిపేరుతో సహా మా ఇద్దరికీ ఒకటే పేరు. కౌంటర్లో కూర్చున్నాయన పేర్లడిగితే తాత మీసం దువ్వుకుని, "నా పేరే ఆడికీ" అన్నాడు. కవర్ల మీద వయసులు వేరువేరుగానే రాశారు. లోపల పెట్టిన ఫిల్ములు మాత్రం తారుమారయ్యాయి. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తెలీదు.

డాక్టరు తాత కవరు విప్పి, ఈ వయసులో ఊపిరితిత్తులు ఇంత శుభ్రంగా ఉండటం గొప్పే అన్నాడు. తాత పొంగిపోయాడు. తర్వాత నా కవరు విప్పి ఆగాడు. కుడివైపు పైన మచ్చ ఉంది, టీబీ అన్నాడు. దగ్గుందా అని అడిగితే అప్పుడప్పుడూ అన్నాను. ఎవరికుండదు? నిజం చెప్పాలంటే, ఆ మాట విన్న సాయంత్రం నుంచే నాకు దగ్గు పట్టుకుంది, ఒళ్ళు కూడా వెచ్చబడింది! సర్టిఫికెట్ ఇవ్వలేనన్నాడు, ఆర్నెల్లు మందులు వాడమన్నాడు. గడువు దాటిపోయింది. తాత ఆ అప్లికేషనుని ఉప్పుగాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో దాచాడు. వచ్చే ఏడాదికి కొత్తది కావాలని చెప్పినా వినలేదు.

ఆ ఆర్నెల్లూ తాత హార్బరుకి పోయేముందు నన్ను లేపి, అరచేతిలో బిళ్ళలు పోసి, మింగాక నోరు తెరిపించి మరీ చూసేవాడు. బడిపిల్లాణ్ణి చేసేశాడు. ఆ బిళ్ళలకి వికారం పుట్టి నేను గోలచేస్తే బతిమాలేవాడు, బుజ్జగించేవాడు, మధ్యమధ్యలో దగ్గుకుంటూ. అమ్మ నా కంచం, గ్లాసు వేరుపెట్టింది. తాత మాత్రం నేను వదిలేసింది నా కంచంలోనే తినేవాడు. నాకు నయం కావాలని అమ్మవారికి మొక్కుకుని చుట్ట మానేశాడు. చుట్ట మానినా దగ్గు మానలేదేమిటా అని అమ్మకి అనుమానం. ఓసారి చూపించుకోమంటే, "నా పొటం సూసేరు కదమ్మా, మచ్చ నేదన్నారు. గుంటడి మందులో నాకు వాటా ఏటి?" అనేవాడు.

మరుసటేడు మళ్ళీ ఎక్స్‌రే, ఈసారి పెద్దాసుపత్రిలో. మచ్చ లేదు. మందు పనిచేసిందనుకున్నాం. అమ్మవారికి కోడిని కోశాం. అప్లికేషను ఇవ్వడానికి తాతా వచ్చాడు. అప్పటికి చిక్కి సగమయ్యాడు. మెట్లెక్కుతూ రెండుసార్లు కూలబడ్డాడు. నా కాగితం మీద ముద్ర పడేదాకా ఆ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. వారం తిరక్కుండా నెత్తురు కక్కాడు. ఆసుపత్రిలో చేరిస్తే టీబీ అన్నారు, చెయ్యిదాటిపోయిందన్నారు. నా కంచంలో తిన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సెలక్షన్ లిస్టులో నా పేరు వచ్చేసరికి తాత పోయి పదకొండు రోజులు. నా జబ్బే ఆయన్ని తినేసిందని కుమిలిపోతూ కోర్సులో చేరాను.

మొదటి ఏడాదిలోనే మా మేడం, ఇళ్ళల్లో పాత ఫిల్ములుంటే తెమ్మంది. టీబీ అన్నప్పటి నా ఫిల్ము పట్టుకెళ్ళాను. లైటు పెట్టె మీద పెట్టి చూసి, ఈ ముసలాయన ఎవరంది. నేనేనండీ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ఈ భుజం పక్క కాలర్ బోన్ ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. నీకెప్పుడైనా విరిగిందా?" అని అడిగింది. నాకు విరగలేదు. వయసులో ఉండగా బోటు మీద తాడు తెగి కొడితే విరిగింది తాతకి. ఆ బొడిపె పట్టుకునే చిన్నప్పుడు ఆయన భుజాల మీద తిరిగేవాణ్ణి. నా జబ్బు ఆయనకి అంటలేదు, అసలు నాకు జబ్బే లేదు. ఒక్క క్షణం ఊపిరాడినట్టనిపించింది. మరుక్షణం ఆ బిళ్ళలు గుర్తొచ్చి అందరి ముందూ బావురుమన్నాను.

అమ్మకి ఒక్కదానికే చెప్పాను. "ఎవులికీ సెప్పకురా. మనవణ్ణి తన సేత్తో బతికించుకున్నాననుకునే పోనాడు మీ తాత. ఆ మాటొక్కటీ ఆయనకి ఉంచు" అంది. నాన్నకి కూడా చెప్పలేదు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు, మాన్పుతుందేమో. తాతకి మిగిలిన కాలాన్ని మాత్రం ఆయనే తన చేత్తో, రోజుకింత చొప్పున, ఆర్నెల్లపాటు నా నోట్లో వేశాడు.