ఎవడో చుట్టాడులే

నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అందరూ అంటారు. ఎక్కువే. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. ఇది మా ఆడపడుచు నీలవేణి కథ. కానీ చెప్పేది నేను కాబట్టి, ఆ కోపం ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి.

మాది డుంబ్రిగుడ పైన కొండ మీది ఊరు. చరియలకు పట్టిన తేనె దించడానికి మగవాడు నడుముకు తాడు కట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది అతని బావమరిదే. అన్నదమ్ములు పట్టకూడదు, వాళ్ళకు పొలం మీద కన్నుండవచ్చు. బావమరిది వదిలితే అతని తోబుట్టువే విధవ అవుతుంది, అందుకని వదలడు. దిగేవాడు ముందు "ఎవులు పట్టినారు?" అని కేకెయ్యాలి. పట్టినవాడు పేరు, వరస చెప్పాలి. ఆ తర్వాతే కాలు కిందికి పెట్టాలి.

నా భర్త ధర్మ దిగిన రోజు మా తమ్ముడు గంగరాజు చలిజ్వరంతో మూలుగుతున్నాడు. సంతలో తేనె కొనే షావుకారుకు తొందర. "ఎవడో పడతాడులే, బేగి దిగు" అన్నాడట. ధర్మ దిగాడు. తాడు పట్టింది షావుకారు తెచ్చిన కూలీ. తాడు జారగానే పారిపోయాడు. వాడి పేరు నాకు ఈనాటికీ తెలియదు. అప్పటి నుంచి 'ఎవడో' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అన్న పోయాక నీలవేణి ఒక రిసార్టులో పనికి చేరింది. అక్కడ టూరిస్టులను కొండ మీంచి పారాగ్లైడర్లలో ఎగరేస్తారు. వాళ్ళు దిగాక ఆ గుడ్డలు దులిపి, తాళ్ళ చిక్కు తీసి, మడత పెట్టడం దీని పని. ఒకరోజు చోళ్ళు చెరుగుతూ, విమానంలోంచి దూకడం నేర్చుకుంటానంది.

"నీకేటి పిచ్చా? ఎగరడానికి ఈ కొండ సాలదేటి?" అన్నాను.

"ఎగరడానికి కాదు వదినా, పడ్డానికి. మనోళ్ళకి పట్టుకోడమే నేర్పినారు. పడ్డం ఎవులూ నేర్పనేదు. అన్నకి నేర్పుంటే బతికుండునేమో."

ధర్మ పడిన ఎత్తుకు ఏ విద్యా పనిచేయదు. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. నేను చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాటి నుంచి మా ఇంటి ముందు తమాషా మొదలైంది. గట్టు మీంచి కాళ్ళు జోడించి దూకేది, మోకాళ్ళు వంచి పక్కకు దొర్లేది. బల్ల మీద బోర్లా పడుకుని, చేతులు చాచి, నడుము విల్లులా వంచేది. గాలిలో అలాగే పడాలట. ఊరి ఆడవాళ్ళు గుమిగూడి "గుంటకి గాలి సోకినాది" అని నవ్వారు. నీలవేణి తండ్రి, మా మామ భీముడు నిజంగానే భయపడి తాయెత్తు కట్టించాడు.

రిసార్టు యజమాని సర్వేశ్వరరావుకు ఈ సంగతి తెలిసింది. ఎవరికీ ఒక్క కాఫీ గింజ కూడా ఇవ్వని మనిషి, శిక్షణకు నేను పంపిస్తానన్నాడు. వీపుకు తగిలించుకునే సంచి కూడా తనే ఇస్తానన్నాడు. ఆ సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి. మేం వాటిని గొడుగులంటాం. పెద్దది తెరుచుకోకపోతే ప్రాణం కాపాడేది రెండోది. సొంత సంచి లేనివాళ్ళను శిక్షణ స్కూలు గేటు దాటనివ్వరని కూడా చెప్పాడు. స్కూలుతో ఫోనులో తనే మాట్లాడేవాడు, నీలవేణికి నంబరు ఇవ్వలేదు.

సంచి ఇవ్వడానికి స్టేజీ కట్టించాడు. "ఆకాశం నుంచి దూకే అడవి బిడ్డ" అని బ్యానర్ వేయించాడు. రోజూ జీన్సు వేసుకుని పనికి వెళ్ళే పిల్లకు థింసా ఆడేవాళ్ళ చీర కట్టించి నిలబెట్టాడు. అడవి బిడ్డట! దాని పేరు రాయడానికి బ్యానర్ మీద చోటే లేకపోయింది.

సంచి దాని వీపుకు తగిలించారు. ఎవరో లావుపాటి మగవాడి కొలత. పట్టీలు భుజాల మీంచి జారిపోతున్నాయి. నీలవేణి దాన్ని దించి, తిప్పి తిప్పి చూసింది.

"రెండో గొడుగు ఎవులు సుట్టినారు సార్?" అని మైకులోనే అడిగింది.

"ఎవడో చుట్టాడులే అమ్మా! ఢిల్లీ సరుకు. ఫొటోకి నవ్వు" అన్నాడు సర్వేశ్వరరావు.

కింద కూర్చున్న మా ఊరివాళ్ళందరూ ఒక్కసారి నా వైపు తలలు తిప్పారు. స్టేజీ ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. రెండో గొడుగు పిడి ఏదో నీలవేణి ఇంట్లో బొమ్మ గీసి చూపించింది. లాగితే లోపలి స్ప్రింగు ఎగిరి బయటికి దూకాలని చెప్పింది. ఆ పిడి పట్టుకుని బలంకొద్దీ లాగాను. పిడి, దానితో పాటు తుప్పుపట్టిన తీగ నా చేతికి వచ్చేశాయి. సంచి మూత కదల్లేదు.

"నేల మీద తెరుచుకోదమ్మా, గాల్లోనే తెరుచుకుంటుంది" అన్నాడు ఆయన.

"ఐతే నువ్వు కట్టుకుని దూకు! మా గుంట పేణం నీ ఫొటోకేటి?" అని ఆ తీగ ఆయన కాళ్ళ మీద విసిరికొట్టాను.

నీలవేణి పని పోయింది. ఇంటికొచ్చాక నా మీద విరుచుకుపడింది. "నానే ఒద్దందును గదా వదినా! నీ కోపం నా సదువు తినేసినాది" అని అన్నం ముట్టకుండా పడుకుంది. నాకు పశ్చాత్తాపం లేదు, దుఃఖం మాత్రం ఉంది. పొద్దున్నే తనే లేచి, బ్యానర్ మీద ఉన్న స్కూలు పేరు పట్టుకుని నంబరు సంపాదించింది.

ఫోనెత్తింది మాధవి అనే శిక్షకురాలు. "సొంత సంచా? ఎవరు చెప్పారమ్మా నీకు?" అంది. నేర్చుకునేవాళ్ళకు స్కూలువే ఇస్తారట. కొత్తవాళ్ళకు మెల్లగా దిగే పెద్ద పారాచూట్ కావాలట. మొదటి సంచి కొనేది బాగా దూకడం వచ్చాక, ఒంటికి కొలత చూసుకునేనట. మడత పని వచ్చని తెలిసి, అక్కడే పనిచేస్తూ నేర్చుకోమంది.

నీలవేణి మొదటిసారి దూకడం చూడటానికి నేనూ మామా వెళ్ళాం. అక్కడ రెండో గొడుగులు చుట్టే మనిషి బల్ల దగ్గర పని చేసుకుంటున్నాడు. మామ తిన్నగా వెళ్ళి అడిగాడు.

"మా గుంటది ఎవులు సుట్టినారు?"

"నానే తాతా. ఎడ్విన్. మాది సాలూరు."

"వరసకేటవుతావు?"

అతను తెల్లబోయాడు. నేను తాడు సంగతి, ధర్మ సంగతి చెప్పి, "మా గుంట పడిపోతే నీకేటి పోతాది?" అని నిలదీశాను.

ఎడ్విన్ నవ్వలేదు. సంచి మూత ఎత్తి చూపించాడు. లోపల పిన్నుకు ఎర్రదారం కట్టి, దాని మీద చిన్న సీసం ముద్ర నొక్కి ఉంది.

"ఈ ముద్ర నాదొక్కడిదేనక్కా. ఏటైనా ఐతే దీన్ని సూసి నా దగ్గరికే వత్తారు. పారిపోడానికి నాకు దారి నేదు."

సర్వేశ్వరరావు సంచికి దారమూ లేదు, ముద్రా లేదు. మామ ఆ ఎర్రదారాన్ని వేలితో తడిమి, "దారం కట్టినాడు. వరస కలిసినట్టే" అన్నాడు.

విమానం ఎక్కబోతూ నీలవేణి వెనక్కి తిరిగింది. "ఎవులు పట్టినారు?" అని గట్టిగా కేకేసింది. "నాను, ఎడ్విన్‌ని! నీ అన్నని!" అని కింద నుంచి అతను కేకేశాడు. పొలం పంచుకునే అన్న కాదు కదా, పట్టవచ్చు. అప్పుడు కాలు మెట్టు మీద పెట్టింది.

మెల్లగా దిగి, మా గట్టు కింద దొర్లినట్టే పక్కకు దొర్లి లేచింది. మామ ఏడ్చాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం లేవలేదు. ధర్మ కూడా అలాగే కేకేసి ఉంటాడు. పైనుంచి ఎవరూ పేరు చెప్పలేదు.

షావుకారు ఇంకా సంతకు వస్తూనే ఉన్నాడు. ఈ వారం నేనూ వెళ్తున్నాను, ఆ కూలీ పేరు అడగడానికి.