మా ఇంట్లో హోటల్ బెంచీలు

మా బోరబండ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు చెప్పులు విడవకముందే ఒక మాట అడుగుతారు, "ఇంట్ల ఈ హోటల్ బెంచీలేంది?" అని. రెండు పొడుగాటి చెక్క బెంచీలు, ఇనుప కాళ్లు. మా ముందుగది సగం వాటికే సరిపోయింది. సోఫా కొందామని మా ఇంటాయన ఎన్నోసార్లు అన్నాడు కానీ, వేయడానికి జాగా ఏది? ఈ పొద్దున మా తమ్ముడు వాటిలో ఒకదాని మీద కూర్చుని చాయ్ తాగుతూ ఫోన్ చూసి మొహం మాడ్చుకున్నాడు. "అక్కా, మన హోటల్ లైసెన్స్ గడువు అయిపోతుందట. మల్ల రెన్యువల్ చేయించుమని మెసేజ్ వచ్చింది," అన్నాడు. పక్కనే ఉన్న వాడి పెళ్లాం, మా మరదలు, బెంచీ చెక్కను చేత్తో ఒకసారి నిమిరింది, నిద్రపోతున్న బిడ్డ వీపు నిమిరినట్టు. అంతే, ఆ పరేషాన్ అంతా నాకు మళ్లీ మొదటినుంచి కళ్లముందు తిరిగింది.

మాది మెదక్ వైపు. మా మరదలిది గోదావరి వైపు. కొండాపూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంట చేసేది, మా తమ్ముడు ఆ పిల్లలను ఆఫీసులకు దింపే క్యాబ్ నడిపేవాడు. అట్లా కలిశారు. ఆమెకు మర్యాద లేకుండా మాట రాదు. కుక్కను కూడా "పొండి, పొండి" అని తోలుతుందని మా తమ్ముడు ఇప్పటికీ ఎక్కిరిస్తాడు. గుమ్మంలోకి ఎవరు వచ్చినా, గ్యాస్ బండ తెచ్చినవాడైనా సరే, ఆమె నోట్లోంచి వచ్చే మొదటి మాట "కూర్చోండి". నిలబెట్టి మాట్లాడటం ఆమెకు చేతకాదు.

హాస్టల్లో అన్నేళ్లు వండినా ఆమెకు ఒక వెలితి ఉండేది. ఆ పిల్లలు కంచాల్లో పెట్టుకుని పై అంతస్తులకు పట్టుకుపోయేవాళ్లు. ల్యాప్‌టాప్ చూసుకుంటూ ఎప్పుడు తినేవాళ్లో, ఎట్లా తినేవాళ్లో ఈమెకు తెలియదు. "వాళ్లు తింటుంటే నేనెప్పుడూ చూడలేదు వదినగారూ," అనేది నాతో. "ఎంగిలి కంచాలు కిందికొచ్చాక, ఏది మిగిలిందో చూసి ఆ రోజు వంట ఎలా కుదిరిందో తెలుసుకునేదాన్ని. ఒక్కసారి నా కళ్లెదురుగా కూర్చుని, ఇంకొంచెం పప్పెయ్యండి అని అడిగితే చాలండి." ఆమె హోటల్ పెట్టాలనుకున్నది అందుకు. పేరు కోసం కాదు, పెద్దదవ్వాలనీ కాదు. ఎదురుగా నలుగురు కూర్చుని తినాలి, అంతే.

హైటెక్ సిటీ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో, అద్దాల మేడల వెనక ఒక ఇరుకు గల్లీలో షట్టర్ దొరికింది. ఒకే గది, ఒకే తలుపు. పైన మూడంతస్తుల్లో కిరాయిదార్లు, వాళ్ల బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. బెంచీలేమో లింగంపల్లిలో మూతబడిన టిఫిన్ సెంటర్ వాళ్ల దగ్గర తెచ్చాం. మూతబడిన చోటు సామాను ఎందుకని నేను గొణిగితే, "బెంచీలేం చేశాయండీ పాపం," అంది మా మరదలు. సోడా వేసి కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ కడిగింది. అయినా వాన పట్టిన రోజు వాటిలోంచి సాంబారు వాసన వస్తుంది, ఇప్పటికీ. ఇక ఏం వండాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలు రోజూ పోట్లాటే. పచ్చిపులుసు ఉండాలని వాడు, మజ్జిగపులుసు ఉండాలని ఆమె. రెండూ పెట్టండి, ఎవరు కాదన్నారు అని నేను తీర్పు చెప్పాను. వండే దాకా వస్తే కదా!

ఇదంతా సంతోషంగానే ఉంది. లైసెన్స్ కోసం గల్లీ మొదట్లో ఉన్న జిరాక్స్ షాపుకు పోయిన రోజు మొదలైంది మా గ్రహచారం. ఆ షాపాయన ముక్కు మీద కళ్లజోడుతో, కంప్యూటర్లో అందరి దరఖాస్తులూ నింపుతాడు. "ఏం పెడుతున్నరు?" అని అడిగాడు. "హోటల్," అన్నాడు మా తమ్ముడు. ఆయన అదే మాట మీద నొక్కాడు. ఇంకేం అనాలి చెప్పండి? మా ఊళ్లో రెండు గారెలు వేసి అమ్మినా హోటలే, చాయ్ ఒక్కటే అమ్మినా హోటలే. మా మరదలి ఊళ్లోనూ అంతే.

కొన్నాళ్లకు లైసెన్సులిచ్చే ఆఫీసు నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. నేను ఆ రోజు అక్కడే బియ్యం చెరుగుతున్నాను. ఆయన బండి మా ముందునుంచే పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. చివరికి దిగి, చెమట తుడుచుకుంటూ మా తమ్ముణ్ణే అడిగాడు.

"ఏమయ్యా, ఈడ హోటల్ ఏడుంది? గల్లీ అంతా తిరిగిన."

"మీరు నిలబడ్డదే సార్."

ఆయన తలెత్తి పైకి చూశాడు. బాల్కనీలో తడి చీరలోంచి ఒక చుక్క ఆయన కళ్లజోడు మీద పడింది. "ఎన్ని రూములు?"

"ఒకటే సార్."

"ఒక్క రూముకు హోటలేందయ్యా? రిసెప్షన్ ఏది? వచ్చిపోయేటోళ్ల రిజిస్టర్ ఏది?"

మా మరదలు కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. "రిజిస్టర్ ఎందుకండీ, ఎవరొచ్చినా అన్నం పెడతామండి. ముందు మీరు కూర్చోండి."

"అన్నం సంగతి తర్వాత చూద్దామమ్మా. మంచాలేవి?"

మా తమ్ముడికి అప్పటికే ఒళ్లు మండుతోంది. "తిననీకి వచ్చినోళ్లు పండుకుంటరా సార్?"

"నన్నంటవేంది? మీరే రాసిచ్చిండ్రు హోటల్ అని. హోటల్ అంటే లాడ్జి. లిఫ్ట్ కావాలె, మెట్లు రెండు దిక్కుల ఉండాలె, పోలీసోళ్ల పర్మిషన్ కావాలె."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరూవాడా ఒక అర్థంతో వాడే మాటకు ఆ కంప్యూటర్‌లో ఇంకో అర్థం ఉందని మాకేం తెలుసు? సరే, తప్పు దిద్దండి సారూ అంటే, "సిస్టంలో పడ్డదమ్మా, నేను తీయలేను," అన్నాడు. పెట్టినవాళ్లు తీయలేరు, చూసినవాళ్లు తీయలేరు. మరి తీసేవాళ్లెవరు? అది తెలుసుకోవడానికి పట్టిన రోజులకు లెక్కే లేదు. మా తమ్ముడు క్యాబ్ వదిలి రాలేని రోజున నేనూ మరదలూ లోకల్ రైలెక్కి ఆఫీసులకు పోయేవాళ్లం. ఒక కిటికీ దగ్గర సార్ సెలవు. ఇంకో కిటికీ దగ్గర సార్ ఉన్నాడు, సర్వర్ లేదు. సర్వర్ వచ్చాక అన్నం వేళ. అన్నం వేళ అయ్యాక, ఇది మా సీటు కాదు, పైకి పోండి. పైనేమో కిందికి పోండి. నిలబడి నిలబడి నా మోకాళ్లు వాచేవి. మా మరదలు చుట్టూ చూసి నెమ్మదిగా అనేది, "ఇంతమందిని నిలబెట్టేశారు, ఒక్కరైనా కూర్చోండి అనరేంటండీ?"

ఈలోగా మా మరదలు హాస్టల్ పని మానేసింది. మూసి ఉన్న షట్టర్‌కు కిరాయి పోతూనే ఉంది. నీళ్లు పరీక్షకు పంపాం. ఒంట్లో రోగం లేదని దవాఖానలో రాయించుకున్నాం. అక్కడ డాక్టరమ్మ ఆమె గోళ్లు తిప్పి తిప్పి చూసిందట. కొత్త పొయ్యి మీద కప్పిన ప్లాస్టిక్ కాగితం తీయనే లేదు. దాని మీద దుమ్ము పేరుకుంటే తుడవడం ఒక్కటే ఆమెకు మిగిలిన వంట పని.

చివరికి ఎవరి పుణ్యమో హోటల్ అన్న మాట పోయింది. దాని బదులు రెస్టారెంట్ అని పెట్టాలట. ఆ మాట చెప్పడానికి మా తమ్ముడికి సిగ్గు. రెస్టారెంట్ అంటే వాడి లెక్కలో ఏసీ ఉండాలి, చీకటిగా ఉండాలి. సిగ్గు సంగతి అటుంచితే, కూర్చుని తినే చోటైతే రెండో దారి ఉండాలన్నారు. మాకున్నది ఒక్క షట్టరే. వెనక గోడ పగలగొడితే ఓనర్ మెట్లు కూలుతాయి. అప్పుడు జిరాక్స్ షాపాయనే ఉపాయం చెప్పాడు, "పార్సిల్ మాత్రమే అని పెట్టు తమ్మీ, జల్ది అయితది. తర్వాత మార్చుకోవచ్చు." మా మరదలు వద్దంది. "పార్సిలే ఇచ్చేటట్టయితే నాకు హాస్టలేం తప్పు చేసిందండీ?" అంది. "తర్వాత మార్చుకోవచ్చన్నడు కదనే," అని మా తమ్ముడు బతిమాలాడు. పార్సిల్ అనే పెట్టారు.

ఈసారి చూడటానికి వచ్చింది ఒక మేడం. మంచి ఎండ. మా మరదలు అలవాటుగా గోడకు ఆనించిన బెంచీని లాగి, కొంగుతో దులిపి, "కూర్చోండమ్మా," అంది. మజ్జిగ ఇచ్చింది. మేడం కూర్చుంది, మజ్జిగ తాగింది, మెల్లగా అడిగింది.

"పార్సిల్ అని రాసిండ్రు. మరి బెంచీలెందుకున్నయమ్మా?"

"మీరు కూర్చోవడానికేనండి."

"నా ఒక్కదానికి రెండు బెంచీలా?"

మా తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు. మేడం చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ బెంచీ మీదే కూర్చుని, ఆ బెంచీ గురించే రాసింది. లోపల కూర్చునే ఏర్పాటు ఉంది కాబట్టి దరఖాస్తు ఆపాలని. ఒక్క మాట, "కూర్చోండి" అన్న ఒక్క మాట మా పనిని మళ్లీ మొదటికి తెచ్చింది. ఆ పూట మా తమ్ముడు కోపంతో ఊగిపోయాడు. "ఆమెను నిలబెడితే ఏం పోయేది?" అన్నాడు. "ఇంటికొచ్చిన మనిషినండీ?" అంది మా మరదలు.

గది ఖాళీగా ఉన్నట్టు ఫొటో పంపమన్నారు. బెంచీలు ట్రాలీ ఆటో ఎక్కి మా ఇంటికొచ్చాయి. ఫొటో తీసేటప్పుడు మా మరదలు గదిలో ఉండనని బయటికి పోయి నిలబడింది. ఆ తర్వాత లైసెన్స్ వచ్చింది, పొయ్యి వెలిగింది, పచ్చిపులుసూ మజ్జిగపులుసూ రెండూ అమ్ముడుపోతున్నాయి. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు డబ్బాలు పట్టుకుని, బండ్లకు ఆనుకుని, ఫోన్ చూసుకుంటూ నిలబడి తింటారు. నేను పోయినప్పుడల్లా చూస్తాను. కౌంటర్ మీదుగా డబ్బా ఇస్తూ ఆమె "కూ" అని నోరు తెరుస్తుంది, మళ్లీ మూసుకుంటుంది.

ఈ పొద్దున ఆ మెసేజ్ సంగతి విన్నాక మా మరదలు అడిగింది, "ఈసారైనా కూర్చుని తినేదానికి రాయమంటారా అండీ?" "గోడ పగలగొట్టుమని ఓనర్‌ను నువ్వడుగు," అన్నాడు మా తమ్ముడు. కసురుకోలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి కంచాలు తెచ్చి, అప్పటికే బెంచీల మీద కూర్చుని ఉన్న మాతో "కూర్చోండి" అంది. మేము మళ్లీ సర్దుకుని కూర్చున్నాం. ఎదురుగా పీట వేసుకుని, మేము తింటుంటే చూస్తూ ఉంది. నాకు చాలినా ఇంకొంచెం పప్పు వేయించుకున్నాను. ఆ లైసెన్స్ కాగితానికి ఇచ్చిన ఏడాది గడువు గడియారం ముల్లులా గిర్రున తిరిగి వస్తోంది, జిరాక్స్ షాపాయన చెప్పిన ఆ "తర్వాత" మాత్రం ఏళ్లు గడుస్తున్నా రావడం లేదు. అదెప్పుడొస్తుందో ఏ కిటికీ దగ్గర అడగాలో మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.