అందరికంటే తక్కువ మనిషి

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, మా చర్చివాళ్ళు కొత్తగా అచ్చువేసిన ప్రత్యేక సంచికను ఇంటికొకటి చొప్పున పంచారు. నున్నటి కాగితం, రంగుల అట్ట, లోపల కమిటీ సభ్యుల నవ్వు మొహాలు. మా అమ్మాయి సోఫాలో కూర్చుని పేజీలు తిప్పుతూ, "అమ్మా, తాతగారి ఫొటో వేశారు చూడు!" అని సంబరపడిపోయింది. చూశాను. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నడుముకు తువ్వాలు చుట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న మా నాన్న. ఆయన ముందు ఎనామెల్ బేసిను, దాని పక్కన ఎవరో ఆడమనిషి కాళ్ళు. కాళ్ళ పైన కాస్త చీర కుచ్చెళ్ళు కనిపిస్తాయి, ఆ పైన మనిషి లేదు. నాన్న మొహం బాగా పడాలని ఫొటో తీసినతను అటు జరిగాడో, అచ్చువేసేటప్పుడు కత్తిరించారో తెలియదు. కింద "దీనురాలి పాదాల దగ్గర దీనుడు" అని రాశారు. "ఎవరమ్మా ఈవిడ?" అంది మా అమ్మాయి. పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నిజానికి ఆ పూట మేము అన్నం వండుకోలేదు.

మా నాన్న చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు. తాగలేదు, లంచం తినలేదు, అమ్మ మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం గౌరవం. పోర్టు ఆఫీసులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటు దాకా వచ్చాడు. పుట్టింది భీమిలి అవతల సముద్రం ఒడ్డు పల్లెలో. ఆ పల్లె మాటను మాత్రం చింతపండుతో ఇత్తడి తోమినట్టు నాలుక మీంచి తోమి పారేశాడు. నేను బడిలో నేర్చుకొచ్చి, ఏమిటి అనడానికి బదులు "ఏటి" అని ఇంట్లో అన్నానంటే, మజ్జిగలో ఈగ పడ్డట్టు చూసేవాడు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో ఆయన సాక్ష్యం చెప్పేవాడు. "నాకు తల్లి లేదు, తండ్రి లేడు, నా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రభువే నన్ను ఎత్తుకుని పెంచాడు" అనేవాడు. సరిగ్గా అక్కడ ఏటా గొంతు వణికేది. సరిగ్గా అక్కడ బెంచీల మీది ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకునేవాళ్ళు. చిన్నప్పుడు నేనూ ఏడ్చేదాన్ని.

ప్రభువు ఎత్తుకున్నాడేమో తెలియదు గానీ, చంకనేసుకుని తిరిగింది మాత్రం మా అత్త. నాన్నకు సొంత అక్క. వాళ్ళ వైపు అక్కను అప్ప అంటారు. తల్లీతండ్రీ ఒకేసారి కలరాకు పోతే, అత్త తన పెళ్ళి మాట పక్కన పెట్టి, ఊరు వదిలి, తమ్ముణ్ణి పట్టుకుని పట్నం వచ్చేసింది. ఒక ఆసుపత్రిలో ఆయాగా కుదిరింది. రోగుల మలమూత్రాలెత్తి, వార్డులు కడిగి, తమ్ముణ్ణి హాస్టల్లో పెట్టి చదివించింది. వన్ టౌన్ సందులో ఒక్క గదిలో ఉండేది. బతుకంతా ఫినాయిల్ నీళ్ళలోనే నిలబడటం వల్ల కాలివేళ్ళ సందులు నాని, తెల్లబడి, పగిలి ఉండేవి. మా అమ్మది కాకినాడ, హెడ్మాస్టరుగారి అమ్మాయి. అమ్మానాన్నల పెళ్ళిలో అత్త వంటవాళ్ళ దగ్గర కూర్చుందట. మేము పోర్టు క్వార్టర్సుకు వచ్చాక కూడా పెరటి గుమ్మంలోంచే వచ్చేది. వచ్చి, కిటికీల మీద పేరుకున్న ఎర్ర ఖనిజం దుమ్ము తుడిచి, నాకు తల దువ్వి వెళ్ళిపోయేది. పక్కింటావిడ ఎవరని అడిగితే, అమ్మ "మాకు బాగా అలవాటైన మనిషిలెండి" అని మాట తప్పించేది. ఒకసారి అత్తనే అడిగాను, వీధి గుమ్మంలోంచి ఎందుకు రావని. "పెద్ద పోస్టులో ఉన్నాడే గుంటా. ఆడికి నామోసీ అవదేటి?" అని, అదేదో గర్వంగా చెప్పుకోవలసిన విషయమైనట్టు నవ్వింది.

ఎనభైల మొదట్లో ఆసుపత్రి ఆయాలు ప్రార్థన చేసుకునే పాక రోడ్డు వెడల్పులో పోయింది. వాళ్ళంతా మా చర్చికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళతో అత్త కూడా వచ్చింది. మా చర్చిలో ముందు బెంచీలు, వెనక చాపలు ఉండేవి. ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పేవారు కాదు, ఎవరూ పొరపాటు పడేవారూ కాదు. నాన్న మొదటి బెంచీ, అత్త చివరి చాప. ఆమె గొంతు పెద్దది. పాట ఎత్తుకుంటే బెంచీల మీది పాట వినపడేది కాదు. అప్పుడు నాన్న మెడ బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనపడేది. రెండేళ్ళు ఒకే కప్పు కింద ఒకే దేవుడికి దండం పెట్టుకుంటూ, ఆ అప్పాతమ్ముళ్ళు ఒకరినొకరు ఎరగనట్టే గడిపారు.

గుడ్ ఫ్రైడే ముందు గురువారం సాయంత్రం కాళ్ళు కడిగే ఆరాధన జరుగుతుంది. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన దానికి గుర్తు. సంఘపెద్దలు నడుముకు తువ్వాళ్ళు చుట్టుకుని కాళ్ళు కడిగి, తుడిచి, ఆ మనిషి పేరు పెట్టి అందరికీ వినపడేలా ప్రార్థన చెయ్యాలి. మా చర్చిలో ఆనవాయితీగా పెద్దలు పెద్దల కాళ్ళే కడిగేవారు. ఆ కాళ్ళ ముస్తాబు చూసి తీరాలి! మా నాన్న మధ్యాహ్నం నుంచే గోళ్ళు తీసుకుని, మడమలు రాయితో రుద్దించుకుని, పౌడరు వేసుకుని, కొత్త మేజోళ్ళు తొడుక్కుని బయలుదేరేవాడు. అంతకంటే శుభ్రమైన కాళ్ళు మన దేశంలో పెళ్ళికొడుకులకు కూడా ఉండవు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు, ఇలాంటి లౌక్యాలు తెలియనివాడు. ఈసారి పెద్దలు చాపల మీదివాళ్ళ కాళ్ళు కడగాలన్నాడు. కమిటీ గదిలో మొదట అందరూ తమ కాళ్ళకేసి చూసుకున్నారట. తరవాత గాజువాక కాంట్రాక్టరుగారికి తట్టింది, ఇందులో పేరు ఉందని. ఈస్టరు వెళ్ళగానే సంఘం సెక్రటరీ ఎన్నిక. నిలబడింది ఆయనా, మా నాన్నా. కాంట్రాక్టరుగారు చప్పున లేచి, హార్బరు గేటు దగ్గర అడుక్కునే గుడ్డాయన్ని తనకే ఇమ్మన్నారు. వెంటనే డాక్టరుగారు కుష్ఠు వచ్చి తగ్గినాయన్ని అడిగారు. వేలంపాటలాగా పాట పైకి పోతూంటే మా నాన్న వెనకబడతాడా? లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యగారూ, వీళ్ళందరికంటే తక్కువ మనిషి ఎవరో, ఆ మనిషిని నాకివ్వండి" అన్నాడు. గది గదంతా నిట్టూర్చిందట. ఆ పూట ఇంటికొచ్చి ఈ మాట మాకు రెండుసార్లు చెప్పి, రెండోసారి గుండె మీద చెయ్యి కూడా వేసుకుని చూపించాడు.

ఆదివారం పాస్టరుగారు ఎవరికి ఎవరో ప్రసంగపీఠం మీంచి చదివారు. నాన్న పేరు చదివి, "మన సహోదరులు తామే అడిగి ఈ పరిచర్య తీసుకున్నారు" అని, ఆసుపత్రి ఆయా అని చెప్పి, మా అత్త పేరు చదివారు. నాన్న మెడ ఆరోజు బిగుసుకోలేదు, వాలిపోయింది. ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడి, "ఏటి సేసీసినాడే ఈ అయ్యగారు!" అన్నాడు. ఇన్నేళ్ళూ తోమి తోమి పారేసిన మాట, చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చేసింది. జ్వరమని పడుకోమంది అమ్మ. పడుకుంటే కాంట్రాక్టరు గెలుస్తాడు. అక్క అని ఒప్పుకుంటే ఇన్నేళ్ళ సాక్ష్యం ఏం కావాలి? నా అన్నవాళ్ళు లేరని దేవుడి ముందు చెప్పినవాడు, వెనక చాప మీద సొంత అక్క ఉందని ఏ నోటితో చెబుతాడు?

ఇక్కడ మా ఇంట్లో ఇంత దిగులుగా ఉంటే, మర్నాడు పెరటి గుమ్మంలోంచి అత్త వెలిగిపోతూ వచ్చింది. తమ్ముడు తననే కావాలని అడిగాడనుకుంది పిచ్చిది. వేరే ఏం అనుకుంటుంది? తామే అడిగి తీసుకున్నారని పాస్టరుగారు చెప్పారాయె. "నన్నే కోరుకున్నాడంటే, గుంటా. ఇన్నాళ్ళకి దేవుడు ఆడి మనసు తిప్పినాడు. ఆరోజు అందరి ముందరా అప్పా అంతాడు, సూడు" అంది. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. నీ గురించి అడగలేదు వదినా, అందరికంటే తక్కువ మనిషి కావాలని అడిగాడు అని చెప్పలేదు. "అక్కడ తమ్ముడూ గిమ్ముడూ అనకు వదినా. అందరూ ఉంటారు" అని మాత్రం అంది. "నానెందుకంతాను? ఆడే అంతాడు" అంది అత్త. ఆ ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నాకు అమ్మ మీదా, నాన్న మీదా, ఆ అమాయకపు పాస్టరు మీదా ఒళ్ళు మండుతుంది.

గురువారం సాయంత్రం అత్త సెలవు పెట్టి వచ్చింది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, కాళ్ళు ఇటికముక్కతో ఎంత రుద్దుకుందో మడమలు ఎర్రబడి ఉన్నాయి. కుర్చీలు వరసగా వేశారు. కుష్ఠు తగ్గినాయన, మిగతావాళ్ళు, గుడ్డాయన, చివర మా అత్త. నాన్న ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బేసిన్లో ఆ కాళ్ళు పెట్టి, నీళ్ళు పోసి నిదానంగా కడిగాడు. చేతులు బాగానే కడిగాయి. ఆ కాళ్ళ వెంట నడిచి పట్నం వచ్చినవాడే కదా. అత్త వంగింది. ఆపుకోలేకపోయిందనుకుంటాను, చెయ్యి చాపి, తల మీద, పిల్లల తల నిమిరినట్టు నిమిరింది. ఇంక అంటాడు, ఇప్పుడంటాడు అని ఆమె పెదవులు ముందే కదలడం నేను చూశాను. నాన్న తల వెనక్కి తీసుకున్నాడు. కాళ్ళు తుడిచి, తల ఎత్తి, చివరి చాప దాకా వినపడే స్వచ్ఛమైన తెలుగులో, "మీ పేరేమిటమ్మా?" అని అడిగాడు.

పక్క కుర్చీలో గుడ్డాయన, ఏం జరుగుతోందో అని చెవి అటు తిప్పాడు. చివరికి చెప్పింది, పెద్దగొంతు కదా, ఆ గొంతుతో కాదు. నాన్న ఆ పేరు పెట్టి, "ప్రభువా, ఎవరూ లేని ఈ దీనురాలికి నువ్వే దిక్కు" అని ప్రార్థన చేశాడు. గొంతు మామూలుగా వణికే చోటే వణికింది. చర్చి అంతా ఏడ్చింది. ఫొటో తీసింది అప్పుడే. ఈస్టరు వెళ్ళాక, కాంట్రాక్టరుగారు తానే తప్పుకుని, మా నాన్నను ఏకగ్రీవంగా సెక్రటరీని చేశారు. అంత వినయం ముందు తన గుడ్డాయన నిలబడడని ఆయనకు తెలిసిపోయింది.

అత్త మళ్ళీ మా పెరటి గుమ్మం తొక్కలేదు. ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ ఆసుపత్రికి వెళ్ళి ఆమెను పట్టుకున్నాను. చీపురు గోడకు ఆనించి, నా జడ సరిచేసింది. "ఆడు పుట్టినప్పుడు ఆడికి పేరెట్టింది నానే. నా పేరు ఆడికి నాను సెప్పవలసొచ్చింది, సూడు" అంది. తరవాత నవ్వబోయింది గానీ ఆ నవ్వు రాలేదు. "ఎల్లు, బస్సెల్లిపోద్ది" అని మళ్ళీ చీపురు పట్టుకుంది. చర్చికి మాత్రం వస్తూనే ఉండేది. పాట ఎత్తుకోవడం మానేసింది. బెంచీల మీది పాట బాగా వినపడుతోందని అందరూ మెచ్చుకున్నారు.

కొన్నేళ్ళకు, తాను కడిగిన వార్డులోనే, తాను గుడ్డలు మార్చిన మంచం మీదే పోయింది. ఆ కబురు నాకు మర్నాడు గానీ తెలియలేదు. నాన్నకు ఆరోజే తెలుసు. సమాధుల తోటలో పెట్టె దించాక, పాస్టరుగారు, "బంధువులెవరైనా ఉంటే మొదటి పిడికిలి మట్టి వెయ్యండి" అన్నారు. ఆయాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న గోతి ఒడ్డున, సెక్రటరీగా, పాటల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను అడుగు వెయ్యబోతే అమ్మ నా మోచెయ్యి వదల్లేదు. కాంట్రాక్టరుగారే కల్పించుకుని, "ఎవరూ లేని మనిషండీ. ఆమె కాళ్ళు కడిగిన సెక్రటరీగారి చేతే వేయిద్దాం, అదే మర్యాద" అన్నారు. బావుందన్నారందరూ. నాన్న వంగి మట్టి తీసి వేశాడు. తమ్ముడు వెయ్యవలసిన మట్టి తమ్ముడే వేశాడు, సెక్రటరీ హోదాలో.

రిక్షాలో వస్తూ, "ఇప్పుడైనా చెప్పచ్చుగా నాన్నా, ఇంక ఆమె వల్ల నీకు నామోషీ ఏముంది?" అన్నాను. ఆయన చేతికంటిన మట్టిని రుమాలుతో జాగ్రత్తగా తుడుచుకుంటూ, "దేవుడికి తెలుసమ్మా. అది చాలదూ?" అన్నాడు. ఆ కొత్త సంవత్సరం సాక్ష్యంలో ఒక మాట కొత్తగా చేరింది. దిక్కులేని ఒక ముసలమ్మకు మొదటి మట్టి వేసే భాగ్యం కూడా ప్రభువు తనకు ఇచ్చాడన్నాడు. కొంగులు మళ్ళీ కళ్ళ దాకా వెళ్ళాయి.

నాన్న పోయాడు, అమ్మ పోయింది, ఆ ఆయాలూ పోయారు. పాస్టరుగారు ఏ ఊళ్ళో ఉన్నారో, ఆయనకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నిజం ఎప్పటికైనా కాలమే బయటపెడుతుందని నా చిన్నప్పుడు మాకు చెప్పేవారు, నేనూ నమ్మాను. ఇన్నేళ్ళలో కాలం చేయగా నేను చూసింది ఒకటే: నిజం తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినే తీసుకుపోయింది, ఇప్పుడు నా ఒక్కదాని కోసం ఆగి ఉంది.