తడిగుడ్డ కింద ముఖం

ఆ ఏడాదంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బాపట్లలో నా ఉద్యోగం, రేపల్లె దాటాక పెనుమూడిలో తమ్ముడి ఇల్లు, మధ్యలో తెనాలి. తెనాలిలో మాకు చుట్టాలెవరూ లేరు. అక్కడొక షెడ్డులో, తడిగుడ్డ కింద, మా నాన్న ముఖం ఉండేది.

నాన్న పోయిన కొన్నాళ్లకే తమ్ముడు విగ్రహం మాట ఎత్తాడు. మా వైపు ఈమధ్య ఇది మామూలైపోయింది. పొలం గట్టున మోటారు షెడ్డు పక్కన దిమ్మె కూడా కట్టించేశాడు. సంవత్సరీకం నాటికి నిలబెట్టాలని వాడి పట్టుదల. ముఖం చూసి సరేననే పని మాత్రం నాకు అప్పజెప్పాడు. "నీదంతా నాన్న పోలికే కదక్కా, నువ్వే చూసి చెప్పు" అన్నాడు. నేనూ ఎగబడి ఒప్పుకున్నాను.

తెనాలి శిల్పులు ముందు బంకమట్టితో మనిషిని చేస్తారు. ఇంటివాళ్లు వచ్చి చూసి అవునన్నాకే ఆ మట్టి మీద ప్లాస్టర్ వేసి అచ్చు తీస్తారు. అచ్చు విప్పేటప్పుడు లోపలి మట్టి ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది. ఆ తర్వాత మనకు దక్కేది ఫైబర్ బొమ్మే. అందాకా మట్టి ఎండి పగలకుండా తడిగుడ్డ కప్పి ఉంచుతారు. మా విగ్రహం చేస్తున్న పెద్దాయన దీనికి తన సొంత పద్ధతి ఒకటి కలిపాడు. బాగుందా అని ఎవరినీ అడగడు. బాగుందనడం మర్యాదకి కూడా అనేస్తారట. గుడ్డ తీసి, "ఇంట్లో ఏమని పిలిచేవారో అలా ఒక్కసారి పిలవండమ్మా" అంటాడు. ఆ పిలుపు దానంతటదే నోట్లోంచి వస్తే ముఖం కుదిరినట్టు. రాకపోతే మళ్లీ దిద్దుతాడు.

నాకు రాలేదు. మొదటిసారి ముక్కు లావైందన్నాను. తర్వాత చెవి పెద్దదైందన్నాను, ఆ తర్వాత కనుబొమల మధ్య గీత తక్కువైందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆఖరికి షెడ్డులో వెలుతురు చాలడం లేదని కూడా అన్నాను. ఆయన విసుక్కోలేదు. చెప్పినట్టల్లా దిద్ది, గుడ్డ తడిపి కప్పేవాడు. విసుక్కున్నది తమ్ముడే. "నువ్వు సరేననే లోపు నాకూ ఒక విగ్రహం చేయించాల్సొచ్చేట్టుంది" అన్నాడొకసారి ఫోన్లో. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. వారం తిరక్కుండానే మళ్లీ తెనాలి రైలెక్కాను. గుడ్డ తీసే క్షణం కోసం వెళ్లేదాన్ని, మళ్లీ కప్పాక బయటపడేదాన్ని.

అలాంటి రోజుల్లో మా కాలేజీకి బల్గేరియా నుంచి ఒకావిడ అతిథిగా వచ్చింది. వాళ్ల ఊళ్లో ఆర్ట్ గ్యాలరీలు తిప్పి చూపించడం ఆవిడ ఉద్యోగం. మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "తెనాలి మీకు అలవాటే కదండి మేడమ్, శిల్పాల షెడ్లు ఓసారి చూపించి తీసుకురండి" అన్నారు. గైడుకి గైడుగా వెళ్లమన్నమాట. సరిగ్గా ఆ రోజే తమ్ముడు గడువు పెట్టాడు. ఇవాళ ప్లాస్టర్ పడకపోతే సంవత్సరీకానికి విగ్రహం అందదని పెద్దాయన తేల్చి చెప్పేశాడట.

రైల్లో ఆవిడ కిటికీ పక్కన కుదురుగా కూర్చుని వాళ్ల సంగతులు చెప్పింది. తన వెంట వచ్చినవాళ్లని ఒక్కో బొమ్మ ముందు నిలబెట్టి, కాసేపు ఏమీ మాట్లాడకుండా చూడమంటుందట. చలికాలం చివర్లో మగవాళ్లు బొచ్చు తోళ్లు, భయంకరమైన ముసుగులు వేసుకుని, నడుముకి పెద్ద పెద్ద గంటలు కట్టుకుని, చెడుని తరిమికొట్టడానికి వీధుల్లో ఎగురుతారట. మా పులివేషాలు గుర్తొచ్చాయి. పోయినవాళ్ల పేరున ఉడికించిన గోధుమల్లో చక్కెర కలిపి పంచుతారట. ఏం పెట్టినా సరే, తీసుకున్నవాళ్లు థాంక్స్ చెప్పకూడదట. దేవుడు ఆ మనిషిని మన్నించుగాక అనుకుని తినాలట. నేను వింటూనే లేచి తలుపు దగ్గరికి వెళ్లడం, వచ్చి కూర్చోవడం, మళ్లీ లేవడం. మా నాన్నా అంతే. అన్నం కూడా నిలబడే తినేవారు. కంచం చేత్తో పట్టుకుని దొడ్డంతా తిరిగేవారు. అరికాల్లో చక్రం ఉందని అమ్మ దెప్పేది.

తెనాలిలో దిగి నడుస్తుంటే ఆవిడ ఉన్నట్టుండి ఒక ఫ్లెక్సీ ముందు ఆగిపోయింది. నల్లకళ్లద్దాల కుర్రాడు, మెలితిప్పిన మీసం, చుట్టూ అనుచరుల ఫొటోలు. ఆవిడ చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచి నిలబడింది. పక్కన టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ, "ఏంటండీ, ఆవిడకి బాగా కావాల్సినోడా?" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, ఇంత చిన్న వయసులో ఏం జరిగిందని అడిగింది.

ఏమీ జరగలేదు. అది పుట్టినరోజు ఫ్లెక్సీ. ఆ మాట చెబుతూ ఫక్కున నవ్వేశాను. నవ్వి చాలా నెలలైందని అప్పుడు తెలిసింది.

ఆవిడ సిగ్గుపడుతూ చెప్పింది. వాళ్ల దేశంలో గోడకి అంటించిన కాగితం మీద ముఖం ఉంటే ఆ మనిషి లేనట్టేనట. ఎవరైనా పోతే ఫొటోతో ఒక కాగితం అచ్చువేసి ఇంటి తలుపుకి, చెట్లకి, బస్టాపుకి అతికిస్తారట. నలభయ్యో రోజున మరొకటి, ఏడాదికి మరొకటి, ఏళ్లు గడిచినా ఇంకా ఇంకా. వాళ్లమ్మ కాగితం పాత ఇంటి తలుపు మీద ఉందట. ఆ ఇల్లు వదిలేసి చాలా కాలమైనా, వానకి తడిసి చిరిగినప్పుడల్లా ఈవిడ వెళ్లి కొత్తది అతికించి వస్తుందట. ఎందుకని నేను అడగలేదు. నేనూ వారం తిరక్కుండా తెనాలి రైలెక్కేదాన్నే కదా.

ఆ పొరపాటుతో ఆవిడకి జాగ్రత్త ఎక్కువైంది. షెడ్డులో అడుగుపెట్టింది మొదలు ప్రతి విగ్రహం ముందూ ఆగి, ఈయన ఉన్నారా అని అడగడం, నేను లేరనడం. వేలు చూపించే నాయకులు, దండం పెట్టే నాయకులు, తలల కోసం ఎదురుచూస్తున్న మొండేలు. ఒక్కచోట మాత్రం పెద్దాయన్ని అడగాల్సి వచ్చింది. "ఉన్నారండి. ఆయన విగ్రహం ఆయనే చేయించుకుంటున్నారు. కళ్లారా చూసుకోవాలని ముచ్చట" అన్నాడు. ఆవిడకి అది చెబితే పడీపడీ నవ్వింది.

అలా నవ్వుతూనే చివరి మూలకి వచ్చాం. పెద్దాయన తడిగుడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. నెత్తి మీద తలపాగా, కొంచెం ముందుకి వంగిన మెడ, ఎవరో పిలిస్తే ఇప్పుడే వెనక్కి తిరిగినట్టు ఆ చూపు. ప్లాస్టర్ బస్తా విప్పి ఉంది. పక్కన తొట్టిలో నీళ్లు. నేను వంకల కోసం వెతుక్కుంటున్నాను. ఈసారి గడ్డం గురించి అందామనుకున్నాను.

ఆవిడ నా పక్కన నిలబడి, మిగతావాళ్ల గురించి అడిగినట్టే మామూలుగా అడిగింది. ఈయన ఉన్నారా?

ఆవిడ అడిగింది ఇంగ్లీషులో. నా నోట జవాబు తెలుగులో వచ్చింది.

"మా నాన్న. లేరు."

అంతే. ఏడాదిగా ఎవరికీ ఆ మాట నా నోటితో చెప్పలేదు. బంధువులకి తమ్ముడు చెప్పాడు, కాలేజీకి సెలవు చీటీ చెప్పింది. ఆవిడకి తెలుగు రాదు, అయినా తల వంచింది. నేను మళ్లీ "నాన్నా" అన్నాను. ఈసారి ఆవిడతో కాదు. చిన్నప్పుడు పొలానికి కాఫీ తీసుకెళ్లి గట్టు మీంచి అరిచినప్పటిలా వచ్చింది.

"చాలమ్మా" అన్నాడు పెద్దాయన. తొట్టిలో ప్లాస్టర్ కలిపి, దోసిలితో తీసి ముందు భుజాల మీద, తర్వాత ముఖం మీద చల్లడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుపోయేదాకా చూశాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. తడిగుడ్డ నా చేతుల్లోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక నీళ్లు పిండి, మడత పెట్టి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఆవిడ బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి నాకొకటి, పెద్దాయనకొకటి ఇచ్చింది. "థాంక్సమ్మా" అన్నాడాయన. నేను థాంక్స్ చెప్పకుండా తిన్నాను.

తమ్ముడు ఫోన్ చేసేసరికి ఇంకా కూర్చునే ఉన్నాను. ప్లాస్టర్ పడిందని చెప్పాను.

"హమ్మయ్య. అయితే ముక్కు కుదిరిందన్నమాట."

"ముక్కు మొదటిసారే కుదిరిందిరా" అన్నాను.

"నాకు తెలుసక్కా. పెద్దాయన అప్పుడే నాకు ఫొటో పంపాడు" అన్నాడు.